పేరు పలకని గొంతు

పదకొండో పిలుపుకి కూడా 614వ మాత్రల డబ్బా మూత తెరుచుకోలేదు. రోగులు మాత్ర మింగారో లేదో దూరం నుంచి చూసే సాక్షి ఉద్యోగం నసీమాది; ఆమె తెర మీద ఆ ఇంటి దీపం పసుపు నుంచి ఎరుపుకి మారింది. మార్కాపురం పలకల గనుల్లో ముప్పై ఏళ్లు దుమ్ము పీల్చిన గాలెయ్య, క్షయకి మాత్ర వేసుకోక ఇది మూడో రోజు. మధ్యాహ్నం పన్నెండు దాటితే బండి వెళ్లి ఆయన్ని, రోగుల్ని లోపల పెట్టి తాళం వేసే మూతవార్డుకి తీసుకుపోతుంది. అక్కడికి వెళ్లినవాళ్ల దీపాలు మళ్లీ వెలగడం ఆమె పెద్దగా చూడలేదు.

డబ్బాలోంచి అయినవాళ్ల గొంతుతో పిలిచే ఆప్తకంఠంలో లోపమేమీ లేదు. పాత ఫోను మాటల నుంచి తీసిన గొంతు అది. గాలెయ్య భార్య నాగేంద్రంది. ఆమె పోయి మూడేళ్లు. నాలుగు నెలలుగా ఆ గొంతు “మాత్ర వేళయింది” అనగానే ఆయన మింగేవాడు. సోమవారం నుంచి కొత్త నిబంధన వచ్చింది. పిలుపులో రోగి పేరు ఉండాలి.

నసీమా నేరుగా లైను కలిపింది. ఇంటి కెమెరాలో ముసలాయన గోడకి ఆనుకుని కూర్చుని కనిపించాడు. డబ్బా మీద తువ్వాలు కప్పి ఉంది.

“ఏం మామా, దానికి చలేస్తందా?”

“నవ్వబాకమ్మా. అది నాగేంద్రం కాదు. ఎవరో దాని గొంతు తొడుక్కొని వస్తన్నారు.”

“ఎట్లా తెలిసింది?”

“నలభై ఏళ్ల కాపురంలో నా పేరు పలికిందా అది? ఓటర్ల లిస్టు రాసేటాయన మొగుడి పేరేందంటే కొంగుతో గాలి విసిరి చూపించింది. పాపం, ఉక్కపోస్తందనుకొని ఆయన మంచినీళ్లు తెచ్చిచ్చాడు.” నవ్వబోయాడు. దగ్గొచ్చింది. చాలాసేపు ఆగలేదు. “అది చెప్తే మింగుతా. ఇది చెప్తే మింగను.”

పన్నెండుకి ఏడు నిమిషాలుంది. నసీమా పిలుపులో పేరు ఉండే గడి తెరిచి ‘గాలెయ్య’ను చెరిపేసింది.

అభ్యంతరం ఎవరిది? తెర అడిగింది.

నాగేంద్రం, అని రాసింది.

మృతుల అభ్యంతరం చెల్లదు. సాక్షి తన ఉద్యోగ నంబరుపై, సొంత బాధ్యతతో స్వీకరించవచ్చు. తప్పయితే ఉద్యోగం రద్దు.

ఆమె తన నంబరు కొట్టింది.

డబ్బా పిలిచింది. పేరు ఉండాల్సిన చోట కాస్త నిశ్శబ్దం. ఆ తర్వాత, “మాత్ర వేసుకో.”

గాలెయ్య తల ఎత్తాడు. తువ్వాలు తీసి మడిచి పక్కన పెట్టాడు. “ఆ, వేసుకుంటన్నాలే,” అన్నాడు డబ్బా వైపు కాకుండా వంటింటి వైపు చూస్తూ. మింగాడు. కడుపులోకి దిగిన మాత్ర నుంచి సంకేతం వచ్చి దీపం పచ్చబడింది.

నసీమా ఊపిరి వదిలేలోగా తెర మీద కొత్త వరస దిగింది.

ఒక మృతురాలి అభ్యంతరం నమోదైంది. ఈ జిల్లాలో కంఠాలుగా ఉన్న మృతులు 2,306. అభ్యంతరం ఉందేమో వారినీ అడగాలా?

‘వద్దు’ అనే మీట కూడా పక్కనే ఉంది. నసీమా కుర్చీ ముందుకి లాక్కుని ‘అడుగు’ మీద వేలు పెట్టింది.

ఆ మృతుల్లో మొదటి గొంతు, జవాబు చెప్పే ముందు, అక్కడ ఇంకెవరు వింటున్నారని అడిగింది.