చదవకుండా మూసిన ఫిర్యాదు

పొద్దున్నే కాఫీతో పాటు ఎవరో ఒకర్ని నమిలితే గానీ ఆయనకు తెల్లారదు. ముప్ఫై ఏళ్లుగా కంపైలర్ రాస్తున్నాడు. మనుషులు రాసిన ప్రోగ్రాముని యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే సాధనం అది. అందులో అనవసరమైన వరుసల్ని ఏరి పారేసే భాగం ఆయనది. దాని మీద ఫిర్యాదు చేసినవాళ్లంతా ఆయన దృష్టిలో దద్దమ్మలు.

"విన్నావుటే, ఇంకో మేధావి దిగాడు!" అన్నాడు భార్యతో. "తను రాసిన తనిఖీ వరుసని నా కంపైలర్ మింగేసిందట. 'తమరికి ప్రోగ్రాములు అచ్చిరావు, వేరే పని చూసుకోండి' అని రాసి ఆ ఫిర్యాదుని నిన్ననే మూసి పారేశాను."

"పూర్తిగా చదివారా?"

"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు."

గుమ్మం దగ్గర బూట్ల లేసులు కట్టుకుంటున్న కూతురు తలెత్తింది.

"ఆ మేధావిని నేనే నాన్నా."

ఆసుపత్రుల్లో రోగికి మందు ఎక్కించే పంపులకు ప్రోగ్రాములు రాయడం ఆమె ఉద్యోగం. నర్సు మధ్యలో మోతాదు తగ్గించినా, పరీక్షలో పంపు పాత మోతాదే ఎక్కించింది. తప్పు ఆమెదేనని మేనేజరు తేల్చేశాడు. పది గంటలకు సమావేశం. అక్కడ అతను చూపించబోయే సాక్ష్యం తండ్రి రాసిన ఆ జవాబే.

"నువ్వా? అయితే మరీ సిగ్గుచేటు! నా కడుపున పుట్టి..."

"మీ కడుపున కాదు, నా కడుపున పుట్టింది," అంది తల్లి. "అందుకే చదివి మాట్లాడుతుంది."

"మారుపేరుతో రాయడమెందుకు? ఇంట్లో నేను లేనా?"

"ఉన్నారు. ఏదడిగినా 'ఇది కూడా తెలీదా' అంటూ ఉన్నారు," అంది కూతురు. "పరాయిదానిలా అడిగితే మర్యాదగా చెబుతారనుకున్నాను. బయటివాళ్లకీ అదే సన్మానమని నిన్న తెలిసింది. నా ఫిర్యాదు రెండో పేజీ చదవండి నాన్నా. తర్వాత ఎంతైనా తిట్టండి."

ఆయన వెటకారంగా నవ్వుతూనే కంప్యూటర్ తెర మీద పేజీ తిప్పాడు. మోతాదు మధ్యలో మారవచ్చనీ, ప్రతిసారీ కొత్తగా చూడమనీ ఆమె ప్రోగ్రాములో స్పష్టంగా గుర్తు పెట్టింది. ఆ గుర్తున్న వరుసని ఏ కంపైలరూ ముట్టుకోకూడదు. ఆయన ఆ ప్రోగ్రాముని తన కంపైలర్‌లో నడిపాడు. వచ్చిన ఆదేశాల్ని పైనుంచి కిందికి వెతికాడు. తనిఖీ లేదు. మళ్లీ నడిపాడు. లేదు. కిందటి నెల తను చేర్చిన మార్పే దాన్ని తినేసింది.

నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. గడియారం తొమ్మిది దాటింది. ఆయన టైపు చేయడం మొదలుపెట్టాడు: 'అత్యంత అరుదైన పరిస్థితుల్లో...'

"అరుదు కాదు నాన్నా. నేను మూడుసార్లు నడిపితే మూడుసార్లూ ఈ తప్పు వచ్చింది."

కొట్టేశాడు. కొత్తగా రాశాడు: 'తప్పు కంపైలర్‌ది. ఆ భాగం రాసింది నేను. ఈ ఇంజినీరు ప్రోగ్రాము సరైనది. నా జవాబు తలపొగరుతో రాసింది. క్షమించాలి.' కింద తన పేరు పెట్టి, ప్రపంచమంతా చూసే చోట వేశాడు. ఆమె మేనేజరుకీ పంపాడు.

కూతురు తెర వంక చూస్తూ కళ్లు తుడుచుకుంది.

"ఈసారి నన్నే అడుగు," అన్నాడు ఆయన, తలెత్తకుండా.

"తిట్టరా?"

ఆయనకు అబద్ధం ఆడాలనిపించలేదు.

"తిడతానమ్మా. కాకపోతే ముందు చదువుతాను."

ఏడుస్తూనే ఫక్కున నవ్వి, ఆమె తండ్రి భుజం మీద తల వాల్చింది.