తల తీసిన అమావాస్య

వింజమూరు నుంచి ఉదయగిరికి పోయే రోడ్డులో, కొండ దగ్గరపడే చోట, ఎడమచేతి పక్క చిల్లచెట్ల మధ్య కప్పు లేని రాతిగోడలు నాలుగు కనిపిస్తాయి. దాన్ని దొర గుర్రపుసాల అంటారు. పగలు మేకలు కూడా దాని నీడన పడుకోవు. పొద్దుగూకితే మనుషులు ఆ పక్కకి తలతిప్పరు.

నూరేళ్ళ కిందట సువార్త చెప్పడానికి ఊరూరూ తిరిగిన దొర ఒకాయన తన గుర్రాన్ని అక్కడ కట్టేసేవాడట. ఒక అమావాస్య రాత్రి ఆ గుర్రం కట్టు తెంచుకుని కొండెక్కి, బండల మీద నుంచి జారిపడింది. మొండెం దొరికింది. తల దొరకలేదు. దొర ఏడ్చుకుంటూ ఆ మొండేన్నే సాలలో పూడ్పించాడు.

అప్పటినుంచీ అమావాస్యకి అది లేచి తల వెతుక్కుంటుందని చెప్పుకుంటారు. రాళ్ళ మీద గిట్ట చప్పుడు… టక్. చాలాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ… టక్. పరుగెత్తే గుర్రం చప్పుడు కాదది. కళ్ళు లేనిది కదా — ఒక్కో అడుగూ తడుముకుంటూ వేస్తుంది.

ఆ దగ్గరి ఊళ్ళో ఉండే ఆనందమ్మ ఈ సంగతి వాళ్ళ అవ్వ దగ్గర విన్నది. కోడలు సుజన కాపురానికొచ్చిన కొత్తలో ఆమెకీ చెప్పింది. సుజన నవ్వి ఊరుకుంది. పదేళ్ళపాటు నవ్వుతూనే ఉంది… మొన్న డిసెంబరు దాకా.

సుజన మొగుడు దయాసాగర్‌కి ఆత్మకూరులో ఫోటో స్టూడియో ఉంది. రోజూ బైకు మీద పోయొస్తాడు. పెళ్ళి తీయాలన్నా, బాప్తిస్మం తీయాలన్నా చుట్టుపక్కల పల్లెలకి ఆయనే. మహా మాటకారి. ముసలమ్మల చేత కూడా పళ్ళు కనపడేలా నవ్వించి ఫోటో తీయగలడు.

అట్లాంటి మనిషి ఆ నెలలో మాట తగ్గించేశాడు. రాత్రి అన్నం తిని మిద్దెక్కి ఒంటరిగా నిలబడేవాడు. "ఏందయ్యా చూస్తన్నావు?" అని సుజన అడిగితే, "ఏం లేదులే" అనేవాడు.

క్రిస్మస్ అయిన మర్నాడు రాత్రి, మిద్దె మీద కట్టిన నక్షత్రం ఆరిపోయి ఉంది. కొత్తసంవత్సరం ఆరాధన అయ్యేదాకా ఆ ఇంట్లో నక్షత్రం ఆర్పరు. ఆనందమ్మ మోకాళ్ళ నొప్పులతోనే మెట్లెక్కింది.

"దీన్నెందుకు ఆర్పినావురా?"

"చీకటి కావాల మా."

అంతే అన్నాడు. తెల్లారి చూస్తే, నక్షత్రానికున్న ఐదు కొమ్ముల్లో ఒకదానికి ఎర్రకాగితం లేదు. ఎవరో జాగ్రత్తగా బ్లేడుతో కోసుకున్నారు.

ఆ సాయంత్రమే సుజన వంటింట్లో మొగుణ్ణి చూసింది. మూకుట్లో రాళ్ళుప్పు వేయించి, నల్లగుడ్డలో పోసి, మూతి బిగించి కడుతున్నాడు. కాలు బెణికిందా అంటే లేదన్నాడు. ఆ మూట ఎందుకో చెప్పలేదు. ఆమె గుమ్మంలో నిలబడి ఆ నల్లమూట వంకే చూసింది.

ఆ రోజుల్లోనే కొండ మీద ఎవరో నిధుల కోసం తవ్విపోయారని ఊరంతా గుప్పుమంది. గొయ్యి పక్కన నిమ్మకాయలు, కుంకుమ కనిపించాయట. అట్లాంటి ముఠాలు బలి కూడా ఇస్తాయని రచ్చబండ దగ్గర గుసగుసలు. గొర్రెలు కాసే కామయ్య ఇంకోటి చెప్పాడు. పోయిన అమావాస్యకి గుర్రపుసాలలో ఎర్రటి కన్ను ఒకటి కనబడిందట. గిట్ట చప్పుడు కూడా విన్నాడట. ఊరి పెద్ద సురేంద్రబాబు కుర్రవాళ్ళని పోగేసి రాత్రి కాపలా పెట్టాడు.

పోయిన అమావాస్యకి దయాసాగర్ ఎక్కడున్నాడు? కావలిలో పెళ్ళి ఉందన్నాడు. సుజన పెళ్ళిళ్ళు రాసే క్యాలెండరు తీసి చూసింది. ఆ తేదీ దగ్గర ఏమీ లేదు.

ఆ రాత్రి చెప్పుల్లేకుండా మిద్దె మెట్లెక్కింది. పైన దయాసాగర్ ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. అవతల ఉన్నది వింజమూరులో సైన్సు చెప్పే మేనమామ కొడుకు డేవిడ్‌రాజు.

"తల సగమే వచ్చినాది రా… మెడ కాడ అంతా మసక. నెత్తురు మాదిరి ఎర్రగా రావాలంటే మూడు నాలుగు గంటలన్నా కావాల… ఆ, సాల్లోనే. ఆడికి ఎవురొస్తారు?… ఈ అమావాస్యకి తల మొత్తం తీసేస్తా."

సుజన గోడ పట్టుకుంది. ఎవరి తల? ప్రభువా… ఎవరి తల?

తెల్లవార్లూ మోకాళ్ళ మీదే ఉంది. అత్తకి చెబితే గుండె ఆగిపోతుంది. మొగుణ్ణి అడిగితే అబద్ధం చెబుతాడు — ఒకసారి చెప్పాడు కదా. ఆపకపోతే ఏ తల్లి బిడ్డ తలో పోతుంది. పొద్దున్నే చెంగు నెత్తిన కప్పుకుని సురేంద్రబాబు ఇంటికి పోయింది.

"అన్నా, రేపు అమావాస్యకి సాలకాడ కాపలా ఉండండి. ఆయన… ఆయన్ని మాత్రం కొట్టొద్దు. పట్టుకోని ఇంటికి తీసుకరండి."

సురేంద్రబాబు గోడకానించిన కర్ర అందుకున్నాడు. "నువ్వింటికి పో మా," అన్నాడు.

అమావాస్య నాడు చీకటిపడగానే దయాసాగర్ బైకుకి సంచులు కట్టుకుని, "తీసొస్తా," అని వెళ్ళిపోయాడు. పదేళ్ళుగా గడప దాటేటప్పుడు అనే మాటే అది. ఆ పూట సుజనకి ఒళ్ళు జలదరించింది.

ఎనిమిదిన్నరప్పుడు వీధిలో అడుగుల చప్పుడైంది. మంకీక్యాపులు, చేతికర్రలు, ఒకడి భుజాన మోకు.

"పట్టుకునేది ఏందబ్బా? ముందు కాళ్ళిరగ్గొట్టాల. మాటలు తర్వాత."

"గట్టిగా అరవద్దురా. తొమ్మిదిన్నర కానీ."

సుజన ఇక ఆగలేదు. ఆయన దొంగ కావచ్చు, పాపి కావచ్చు… వాళ్ళ చేతుల్లో పెట్టింది మాత్రం తనే. చేలకి అడ్డంపడి నడిచింది. లైటు వేస్తే కాపలావాళ్ళకి కనపడుతుందని ఫోను చెంగులో దాచుకుంది. కంచె ముళ్ళు కాళ్ళకి గీసుకున్నాయి. కొండ నల్లగా ఎదురొచ్చింది. దాని మీద నక్షత్రాలు… కిందపడతాయేమో అన్నంత దగ్గరగా.

సాల గోడ చేతికి తగిలింది. మంచుకి తడిసిన రాయి.

లోపల్నించి — టక్.

ఊపిరి బిగబట్టింది. ఒకటి, రెండు, మూడు… నూటికి పైనే లెక్కపెట్టింది.

టక్.

గోడ సందులోంచి చూసింది. నేలకి మూడడుగుల ఎత్తున ఎర్రటి కన్ను. అది అటూ ఇటూ కదిలి, నిలబడి, మళ్ళీ వంగింది. దాని వెనక మనిషి ఆకారం. ఆ ఆకారం తనలో తానే గొణుక్కుంది.

"వస్తన్నాది… తల వస్తన్నాది…"

సుజన లోపలికి దూకినట్టే పోయి ఫోను లైటు వేసింది.

"లైటార్పు! లైటార్పు, తల పాడైపోతాది!" దయాసాగర్ ఒంటితో అడ్డం నిలబడి అరిచాడు. గొంతు తగ్గించి, "నువ్వా? సుజనా… నువ్వెందుకొచ్చినావు?"

ఆమె లైటార్పింది. "ఎవరి తలయ్యా?"

టక్, అంది చీకట్లో ఏదో.

"గుర్రం తల," అన్నాడు.

సుజన వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "యాడుండాది?"

అతను చెయ్యి పైకెత్తాడు. కొండ మీద గొల్లకావిడి చుక్కలు మూడూ వరసగా మెరుస్తున్నాయి. "ఆ కిందిచుక్క పక్కనే. కంటికి కనపడదు."

మతిపోయిందా మనిషికి? ఆమె ఏదో అనబోయేంతలో గోడ అవతల కర్రల చప్పుడు, ఊపిర్ల చప్పుడు. దయాసాగర్ ముందున్న నల్లటి గొట్టానికి మూత పెట్టాడు. టక్, అంది మళ్ళీ. గోడ అవతల ఎవరో "యేసయ్యా" అన్నారు, ఇంకెవరో "గోవిందా" అన్నారు. ఒక్క అడుగూ ముందుకు పడలేదు.

"పదండిరా!" అన్నది సురేంద్రబాబు గొంతు. ఆరు టార్చిలు ఒక్కసారి వెలిగాయి.

ఉప్పుమూట. నల్లగుడ్డ. ఎర్రకాగితం చుట్టిన లైటు. మూడుకాళ్ళ స్టాండు మీద, మూతపెట్టిన కెమెరా.

"ఇంకేం కావాలబ్బా?" కామయ్య కర్ర ఎత్తాడు.

సుజన అడ్డంపడింది. "నన్ను కొట్టి, తర్వాత ఆయన్ని కొట్టండి."

"నువ్వే కదమ్మా—" అన్నాడు సురేంద్రబాబు. ఆమె మొహం చూసి మాట మింగేశాడు. దయాసాగర్ ఇద్దరి వంకా చూశాడు.

"ఏందిరా ఇదంతా? చెప్పు," అన్నాడు సురేంద్రబాబు.

"ఆకాశం తీస్తన్నానన్నా."

"మూతపెట్టి తీస్తన్నావా?"

"ఇప్పుడు తీస్తన్నది చీకటి. బొమ్మలన్నీ తీసినాక, మూతేసి ఉత్త చీకటి తీయాల. ఆ చీకటిని బొమ్మలోనుంచి తీసేస్తే, కెమెరా వేసిన మచ్చలు పోతాయి."

"తీసేది, తీసేసేది!" కామయ్య కర్ర దించాడు. "నీకింకో మాట రాదంట్రా?"

వెనకెవరో కిసుక్కున నవ్వారు. సుజన నవ్వలేదు. తల తీస్తా. పెళ్ళి తీస్తా. బాప్తిస్మం తీస్తా. పదేళ్ళు ఆ ఇంట్లో ఆ మాటకి ఒక్కటే అర్థం. ఒక్క రాత్రి భయపడింది — అంతలోనే ఆ మాటే కత్తి అయి కూర్చుంది.

దయాసాగర్ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. వేడి ఉప్పు లెన్సుకి కడితే మంచు పట్టదు. ఎర్రలైటుకి చీకటికలవాటుపడ్డ కళ్ళు చెదరవు; పోయినసారి చుట్టిన కాగితం చిరిగిపోతే, ఇంట్లో నక్షత్రానిది కోసుకున్నాడు. లెన్సు పెళ్ళి స్టేజీలు తీసేదే, కొత్తది కాదు. చుక్కలు కదిలే కొద్దీ కెమెరాని తిప్పడానికి కింద చిన్న మోటారు. కెమెరా లోపల ఎరుపుని ఆపే అద్దమొకటి ఉంటుంది, దాన్ని మాత్రం పీకించాడు. ఆ సంగతి చెబితే సుజన తిడుతుందని దాచాడు.

"ఈడే ఎందుకురా? మీ మిద్దె లేదా?"

"ఊళ్ళో లైట్లన్నా. ఈ గోడలుంటే రోడ్డు లైట్లు కూడా తగలవు. ఈడికి ఎవురూ రారు కూడా."

"ఎందుకు రారో తెలుసా నీకు?"

దయాసాగర్ కెమెరా వెనకున్న తెర వెలిగించాడు. అందరూ తలలు దగ్గరపెట్టారు. చుక్కలు, చుక్కల వెనక ఎర్రటి పొగ. బొటనవేలితో దాన్ని పెద్దది చేశాడు. ఎర్రపొగలో నల్లగా, గోరంత… మెడ, నొసలు, కిందికి వంచిన మూతి.

గుర్రం తల.

"పదమూడొందల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుతురన్నా అది," అన్నాడు దయాసాగర్ మెల్లగా.

కామయ్యే ముందు తేరుకున్నాడు. "ఓరి నీ… ఈడుండాది రా దాని తల! నేల మీద నూరేళ్ళు ఎతుక్కుంటే యాడ దొరుకుతాది పాపం?"

ఘొల్లుమన్నారు.

"మరి ఆ చప్పుడు?" అన్నాడు సురేంద్రబాబు. నవ్వులు ఆగిపోయాయి.

"షట్టరు. తెరుచుకునేటప్పుడు ఒకసారి, రెండు నిమిషాలకి మూసుకునేటప్పుడు ఒకసారి." దయాసాగర్ కెమెరా కింద మూత తీసి బ్యాటరీ లాగి సురేంద్రబాబు చేతిలో పెట్టాడు. "ఇప్పుడినండి."

విన్నారు. చీమ చిటుక్కుమనలేదు.

దయాసాగర్ స్టాండు మడుస్తుంటే, సురేంద్రబాబు ఆ బ్యాటరీని సుజన చేతిలో పెట్టాడు. "నూరేళ్ళ దెయ్యం మా ఇది. గుప్పిట్లో పట్టుకోని పో." తర్వాత, ఆమెకి మాత్రమే వినిపించేలా, "నువ్వే చెప్పుకో తల్లీ. నేను చెప్పను," అన్నాడు.

టార్చిలు చేల మీదుగా ఊరివైపు వెళ్ళిపోయాయి. కామయ్య ఒక్కడే వెనక్కి తిరిగి అరిచాడు. "గుర్రం సొత్తు సంచీలో ఏసుకోని పోతన్నావబ్బాయా! జాగర్త!"

బైకు రోడ్డెక్కింది. సుజన వెనక కూర్చుని, కెమెరా సంచి ఒళ్ళో పెట్టుకుంది. నాలుగు ఫర్లాంగులు పోయాక ఇక ఉండబట్టలేకపోయింది.

"వాళ్ళకి చెప్పింది నేనే."

బైకు మెల్లగా అయింది. రోడ్డు పక్కకి పోయి ఆగింది. దయాసాగర్ ఇంజను ఆపేశాడు. చుట్టూ చిల్లచెట్లు, పైన చుక్కలు. అతని వీపు మాత్రమే ఆమెకి కనపడుతోంది.

"కర్రలతో వస్తారని తెలీదు. తల తీస్తానంటే… నేను…" ఒళ్ళో సంచి దగ్గరికి లాక్కుంది. "నిన్ను అంతమాట అనుకున్నానయ్యా."

అతను ఏం అంటాడో అని చూసింది. అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకుంది. నవ్వుతున్నాడు.

"కావలి పెళ్ళని అబద్ధం చెప్పినోణ్ణి నేనే గదా," అన్నాడు. వెనక్కి చెయ్యి చాచి ఆమె మోకాలి మీద పెట్టాడు. "ఇంటికి పోదాం. అమ్మకి మాత్రం చెప్పొద్దు."

సుజన కళ్ళు తుడుచుకుంది. లోలోపలే స్తోత్రం చెప్పుకుంది.

అప్పుడు… టక్.

దయాసాగర్ విసుక్కున్నాడు. "సురేంద్రన్న బ్యాటరీ మళ్ళీ లోపలేసినట్టుండాడు. కార్డు నిండిపోతాది. దాన్ని తీసెయ్ సుజనా."

సుజన కదలలేదు. ఒళ్ళో సంచి చల్లగా, బరువుగా, నిశ్చలంగా ఉంది. చప్పుడు వచ్చింది దాన్లోంచి కాదు. వెనకనుంచి, తారురోడ్డు మీదనుంచి.

ఎడమచేతి గుప్పిట విప్పింది. బ్యాటరీ అక్కడే ఉంది, వెచ్చగా.

టక్… ఈసారి, ఇంకాస్త దగ్గరగా.