సింగారి దిగని కయ్య

మూడు తొట్లలోనూ ఒకే రంగు బురద ఉంది. మూడింటిలోనూ చారెడేసి వడ్లు చల్లి మట్టి పరిశోధకుడు డాక్టర్ కృపానిధి పక్కకు తప్పుకున్నాడు. గంప పైకెత్తగానే పన్నెండు బాతులు తూలుకుంటూ వచ్చి, కొన్ని మొదటి తొట్టిలో, కొన్ని రెండో తొట్టిలో తలలు ముంచాయి. మూడో తొట్టిలో ఒకే ఒక్క బాతు ముక్కు పెట్టింది. రెండుసార్లు బురద జల్లించి, తల విదిలించి, నోట్లోది ఉమ్మేసి వెనక్కి వచ్చింది. ఆ తర్వాత మిగిలినవేవీ అటువైపు పోలేదు.

"ల్యాబ్ రిపోర్టులో మూడూ శుభ్రమైన మట్టేనని వచ్చిందమ్మా," అన్నాడు కృపానిధి.

"అయితే ఆ రిపోర్టు రాసినోళ్ళను మూడో తొట్లో వడ్లు ఏరుకోమను సామీ," అంది పెంచలమ్మ.

పెంచలమ్మకు యాభై దాటాయి. పెన్నా కాలవల కింద ఊరూరా నాలుగొందల బాతుల్ని తిప్పుకుంటూ బతికే మనిషి. కోత అయిన కయ్యల్లో రాలిన గింజలు, నీళ్ళు పెట్టి దున్ని దమ్ము చేసిన కయ్యల్లో నత్తలు, పురుగులు, ఇవే ఆ మందకు తిండి. నెల్లూరు వైపు వరి మడిని కయ్య అంటారు. ఏ ఊళ్ళో కయ్యలు ఖాళీగా ఉంటే ఆ ఊరి కాలవ గట్టు మీద వల చుట్టి, టార్పాలిన్ గుడిసె వేసుకుంటుంది. రెండేళ్ళ కిందట ఒక ఊళ్ళో పచ్చగా, అమాయకంగా కనిపించిన కయ్యలోకి మందను తోలితే, పొద్దెక్కేసరికి నూట ఎనభై బాతులు మెడలు వాల్చేశాయి. ఆనాటి నుంచి ఆమె సింగారిని నమ్ముకుంది. సింగారి ముక్కు అంచు విరిగిన ముసలి బాతు. గట్టు మీద నిలబడి ముందు అది రుచి చూస్తుంది. అది దిగితే మంద దిగుతుంది. అది వెనక్కి తిరిగితే పెంచలమ్మ మూట కట్టుకుని పక్క ఊరికి పోతుంది. మూడో తొట్టిలో ఉమ్మేసి వచ్చింది కూడా సింగారే.

ల్యాబ్ మిషన్ తప్పు చేయలేదు. దాని దగ్గర రెండొందల విషాల జాబితా ఉంది. ఆ పేర్లున్న మందుల్ని అది ఎంత సూక్ష్మంగా ఉన్నా పట్టేస్తుంది. అయితే రైతు కొట్టేది ఒక మందు కాదు. పురుగుకు ఒకటి, కలుపుకు ఒకటి, తెగులుకు ఒకటి, అన్నీ ఒకే డ్రమ్ములో కలిపి కొడతాడు. నలభై యాభై ఏళ్ళుగా కొట్టినవన్నీ మట్టిలో ఒకదానితో ఒకటి కలిసి ఏవేవో అయిపోయాయి. వాటికి ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు, పేరు లేనిదాన్ని మిషన్ వెతకదు. బాతు దగ్గర జాబితా లేదు, దాని ముక్కు అంచున ఉన్న నరాలకు బురద బాగుందో లేదో తెలిస్తే చాలు.

కృపానిధి కనిపెట్టిన పరికరం పేరు 'చంచువు', అంటే పక్షి ముక్కు. బాతు మెడకు సన్నని పట్టీ, కాలికి గోరంత చిప్. బాతు బురదను ఎన్నిసార్లు జల్లించింది, మింగిందా ఉమ్మిందా అన్నది మెడ పట్టీ పసిగడుతుంది. అదే క్షణంలో ఆ బురదలో కరిగినవాటి ఆనవాళ్ళను, పేర్లతో పని లేకుండా, కాలి చిప్ నమోదు చేస్తుంది. ఈ రెండింటినీ జతచేస్తూ ప్రోగ్రామ్ నేర్చుకుంటుంది. కొన్ని లక్షల తీర్పులు నేర్చాక బాతుతో పని ఉండదు. చిప్‌ను ఒక కర్రకు కట్టి గట్టు మీద గుచ్చితే, కయ్య మంచిదైతే ఆకుపచ్చ దీపం, చెడ్డదైతే ఎర్ర దీపం వెలుగుతుంది.

"అంటే ఇంక ప్రతి గట్టు మీదా గుర్తు ఉంటదా సామీ? నా బాతుల్ని ముందుగానే మళ్ళేసుకోవచ్చా?"

"అందుకే కదమ్మా ఇదంతా."

పెంచలమ్మ నాలుగొందల మెడలకూ తన చేత్తోనే పట్టీలు కట్టింది.

మొదటి పంటకాలంలో, ఇంకా కర్రలు రాకముందే, మంద తీర్పును బట్టి కృపానిధి ఫోన్‌లో పదింట ఏడు కయ్యలు ఎర్రగా తేలాయి. వ్యవసాయ శాఖ వాళ్ళు అదిరిపడి, ఆపైన అత్యుత్సాహం తెచ్చుకుని ఒక ఉత్తర్వు తీశారు. ఎర్ర కయ్యల వడ్లు ఎవరూ కొనకూడదు. ఆకుపచ్చ కయ్యల బియ్యం బస్తాల మీద బాతు బొమ్మ ముద్ర వేయాలి. పట్నంలో జనం బాతు బొమ్మ చూసి ఎగబడి కొన్నారు. కృపానిధికి సన్మానం జరిగింది, శాలువా కప్పారు, వక్తలు బాతుల గురించి చాలాసేపు మాట్లాడారు.

రెండో ఏడు పెంచలమ్మ మందతో వచ్చేసరికి, మొదటి ఊరి పొలిమేరలోనే మాల్యాద్రి కర్ర పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. అతనిది మూడెకరాల సేద్యం.

"అక్కా, నీ మీద నాకు కోపం లేదు. ఈ ఏడు నేను మందు డబ్బా ముట్టలేదు. మా నాయన కొట్టింది మట్టిలో ఉండె, పైఊళ్ళోళ్ళు కొట్టింది కాలవలో వస్తా ఉండె. దానికి నేనేం చేసేది? నీ బాతు దిగలేదంటే నా వడ్లు కల్లంలోనే కుళ్ళిపోతాయి. నువ్వు ఇటు రాబాక."

"నేను రాకుంటే నీ కయ్య మంచిదైపోద్దా మాల్యాద్రీ?"

"ఎర్ర దీపమైతే వెలగదు కదా!"

అన్ని ఊళ్ళలోనూ అదే మాట. పది రోజులు మంద కాలవ గట్టు మీద గడ్డి గీరుకుంటూ తిరిగింది. నత్త లేదు, గింజ లేదు. గుడ్లు ఆగిపోయాయి, ఈకలు రాలాయి. పెంచలమ్మ తన గంజి కూడా వాటికే పోసింది కానీ నాలుగొందల నోళ్ళకు ఒక మనిషి గంజి ఏపాటిది!

పదకొండో రోజు ఉదయం మాల్యాద్రి కయ్య దమ్ము చేసి ఉంది. బురద వాసన తగలగానే మంద వల తోసుకుని గట్టు దాటింది. సింగారి ఒక్కటే గట్టు మీద ఆగిపోయింది. పెంచలమ్మ బురదలోకి దూకి, చేతులు చాచి, గొంతు పోయేలా అరిచి, ఒక్కో బాతునూ పట్టి గట్టు మీదికి విసిరింది. విసిరిన బాతు విసిరినట్టే మళ్ళీ దిగింది. అవి జల్లించకుండానే మింగేస్తున్నాయి. కృపానిధి ఫోన్‌లో మాల్యాద్రి కయ్య ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారింది.

ఆ సంగతి ఊళ్ళకు పాకడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. ఆకలి బాతు దిగితే దీపం పచ్చగా వెలుగుతుంది! నిన్న కర్రలు పట్టుకుని తరిమినవాళ్ళే ఇవాళ ఎదురొచ్చి పిలిచారు. మందను తీసుకురా, కానీ మూడు రోజులు మేత లేకుండా వలలోనే ఉంచి తీసుకురా అన్నారు. పెంచలమ్మ ససేమిరా అంది. అయితే కాలవ గట్టు ఖాళీ చెయ్యమన్నారు. ఆమె ఎటు పోతుంది? ముందుకు పోయినా అదే మాట, వెనక్కి పోయినా అదే మాట. పట్టీలు తెంపేద్దామని చూసింది. పట్టీ లేని మందను ఏ కయ్యలోనూ దిగనిచ్చేది లేదన్నారు.

కృపానిధి శాఖ ఆఫీసుకు పరిగెత్తాడు.

"ప్రోగ్రామ్ తప్పు నేర్చుకుంటోంది సార్. ఆకలిని అది శుభ్రత అనుకుంటోంది. ఒక్క బాతు మాత్రం సరిగ్గా చెబుతోంది, సింగారి. దాని రీడింగులు చూడండి."

అధికారి ఓపికగానే స్క్రీన్ చూశాడు. "నాలుగు లక్షల తీర్పులు ఒకవైపు ఉన్నాయి డాక్టర్‌గారూ. ఆ ఒక్క బాతు రీడింగులు ఇందులో లేవే?"

నిజమే, లేవు. మందకు అడ్డంగా పోయే ఒంటరి రీడింగును పరికరం లోపంగా భావించి తీసేయాలని ప్రోగ్రామ్‌లో ఒక లైను ఉంది. దాన్ని రాసింది కృపానిధే. అప్పట్లో అది చాలా తెలివైన లైను అనిపించింది. ఇప్పుడు దాన్ని చెరిపేస్తానంటే, పది జిల్లాల్లో కర్రలు గుచ్చడం అయిపోయిందని అధికారి చెప్పాడు.

ఆకలికి తట్టుకోలేక ఎదురైన ప్రతి కయ్యలోనూ దిగి, నాట్లు పూర్తయ్యేసరికి పెంచలమ్మ మంద కరిగిపోయింది. కొన్ని కయ్యలోనే పడిపోయాయి, కొన్ని వారానికి, కొన్ని నెలకు. ప్రతి ఒక్కదాన్నీ ఆమె కాలవ గట్టు మీదే గుంట తీసి పూడ్చింది, కాకులు తిని చావకుండా.

కోతలయ్యాక కృపానిధి ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. పొద్దున్నే బయలుదేరి మూడు బస్సులు మారాడు, దారిలో ఏమీ తినలేదు. దారి పొడుగునా గట్ల మీద కర్రలు, కర్రల మీద ఆకుపచ్చ దీపాలు. ఒక్క ఎర్ర దీపం కూడా కనిపించలేదు. గుడిసె ముందు సింగారి ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"తప్పంతా నాదేనమ్మా," అన్నాడు.

"కూర్చో సామీ. ముందు అన్నం తిను."

పెంచలమ్మ ఇద్దరికీ పళ్ళేల్లో వడ్డించింది. గుడిసె మూల బియ్యం బస్తా మీద బాతు బొమ్మ ఉంది. తినేముందు ఆమె అలవాటుగా ఒక పిడికెడు అన్నం నీళ్ళ తట్టలో వేసి సింగారి ముందుకు జరిపింది. సింగారి ముక్కు ముంచింది. రెండుసార్లు జల్లించి, తల విదిలించి, ఉమ్మేసి, గట్టు మీదికి నడిచిపోయింది.

కృపానిధి చెయ్యి పళ్ళెం మీదే ఆగిపోయింది.

"కొత్త బియ్యం వచ్చినప్పటి నుంచి అది ఈ అన్నం ముట్టదు సామీ. గడ్డి గీరుకుంటా ఉంది."

"తెలిసి కూడా మీరెలా తింటున్నారమ్మా?"

"వేరే బియ్యం యాడుండాయి? అన్ని బస్తాల మీదా అదే బొమ్మ." పెంచలమ్మ ముద్ద కలిపింది. "నా బాతులకు మాత్రం తెలీదంటావా? ఆకలి సామీ, అంతే."

అన్నం వేడిగా ఉంది. పక్కన చింతకాయ పచ్చడి. కృపానిధి కాసేపు గట్టు మీది బాతు వైపు చూశాడు, ఆ తర్వాత మొదటి ముద్ద నమలకుండానే మింగాడు. రెండో ముద్దకు ఇంకొంచెం పచ్చడి అడిగాడు.