లెక్క కట్టని సగం

నందిగామ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో మధ్యాహ్నం పూట ఏసీ గుర్రుమంటోంది. తనకంటే తెలివైనవాడు ఈ చుట్టుపక్కల పుట్టలేదని హరిచరణ్ సారుకి గట్టి నమ్మకం. పుట్టినా తన దగ్గరే చదువుకోవాలిగా అనుకునే రకం.

జగ్గయ్యపేట దగ్గర కొత్తగా లేచిన మిరపకాయల కోల్డ్ స్టోరేజిని ఈదురుగాలి ఎలా కొడుతుందో, దాని వెనక ఎలా సుడులు తిరుగుతుందో కంప్యూటర్లో లెక్క కట్టే పని ఆయనకొచ్చింది.

"రెండువైపులా ఒకేలా ఉన్న కట్టడం. కుడి సగం లెక్క కట్టు చాలు. దాన్నే అద్దంలో బొమ్మలా తిప్పి ఎడమ పక్కన అతికించు," అన్నాడు.

"సుడులు రెండు పక్కలా ఒకేసారి పుట్టవు కదండీ. మొత్తం లెక్క కడదాం సార్," అంది ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ఆమని.

"నాకు పాఠాలు చెప్పేంతదానివయ్యావా? వెళ్లి ఆ కోల్డ్ స్టోరేజి డాబా ఎక్కి అసలు గాలి ఎంతుందో కొలిచి చెప్పు. అంతకుమించి బుర్ర వాడకు."

ఆ డాబాకి పిట్టగోడ ఇంకా కట్టలేదు. అది ఆయనకీ తెలుసు.

ఆమని జగ్గయ్యపేట వెళ్లి, డాబా ఎక్కి ఫోన్ చేసింది. ఆయన ల్యాబులో స్పీకర్ పెట్టి, కుడి సగాన్ని ఎడమకి తిప్పి అతికించిన బొమ్మని తెరమీద నడిపించాడు.

తెరమీద డాబా ఎడమ అంచున గాలి రెండుగా చీలుతోంది. సన్నగా, నిలువుగా... మనిషంత ఎత్తున ఏదో అడ్డం ఉన్నట్టు. కుడివైపు అలాంటిదేమీ లేదు.

ఎదురుగా మనిషి లేకుండా అద్దంలో మనిషా! హరిచరణ్ పెదవి విరిచాడు. చవక కంప్యూటర్లు కొని తన నెత్తిన రుద్దారని కాలేజీవాళ్లని తిట్టుకుని, మళ్లీ నడిపించాడు.

ఈసారి ఆ చీలిక అంచున లేదు. డాబా మధ్యకొచ్చింది.

దిగమని చెబితే తన లెక్క తప్పని ఒప్పుకున్నట్టే. ఆ పిల్ల దగ్గరా?

"సార్..." ఆమని గుసగుసగా అంది. "ఇక్కడ గాలి ఆగిపోయిందండీ."

"మీటరు సరిగ్గా పట్టుకో."

"కాదు సార్. చుట్టూ దుమ్ము లేస్తోంది. నాకొక్కదానికే తగలట్లేదు. ఎవరో... నాకు అడ్డంగా నిలబడ్డట్టు..."

అప్పుడు భయమేసింది ఆయనకి. "దిగెయ్! తప్పు నాదే, దిగెయ్ తల్లీ!"

ఫోనులో గాలి హోరు. చెప్పులు ఈడ్చిన చప్పుడు. తర్వాత... ఏమీ లేదు.

"ఆమనీ?"

"దిగేశా సార్. కిందే ఉన్నా."

గొంతు ఆమనిదే. హరిచరణ్ ఊపిరి పీల్చుకుని, కంప్యూటర్ ఆపేద్దామని చెయ్యి చాపాడు.

ఎడమ సగంలో, డాబా మీద, గాలి ఇప్పుడు రెండు చోట్ల చీలుతోంది. రెండోది మొదటిదాని భుజం దాకా వస్తుంది, సరిగ్గా ఆమని అంత ఎత్తు.