నాలుగింటి అలారం

మూడో నంబర్ కంప్రెసర్ ఆగిపోయిందని డాక్టరుకి ఎవరూ చెప్పలేదు. క్యాంటీన్‌లో టీ తాగుతుంటే కాళ్ళ కింద ఉండాల్సిన సన్నని అదురు లేదు. గ్లాసు అక్కడే వదిలేసి పరుగు అందుకున్నాడు.

డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు లెండి. ఐస్‌క్రీం ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఆపరేటరు. స్క్రూడ్రైవర్ మొన మెషిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ బేరింగ్‌కి ఏం జబ్బో చెప్పేస్తాడు. అందుకని అందరూ కలిసి పెట్టిన పేరది. ఆరేళ్ళుగా ప్లాంటు రూములో అతని మాటే వేదం.

వెళ్ళి చూస్తే మెషిన్ నిక్షేపంలా ఉంది, ఆగి మాత్రం ఉంది. పక్కనే నిచ్చెన మీద ఒకమ్మాయి పళ్ళ మధ్య టేపు ముక్క పట్టుకుని ప్యానెల్‌కి మీటరు బిగిస్తోంది.

"దీన్ని ఎవరాపారండీ?" అన్నాడు.

ఆమె టేపు తీసి, "నేనే. ఫోన్లోంచి ఆపాను," అంది, ఇంట్లో ఫ్యాను ఆపినంత తేలిగ్గా.

సోలార్ కంపెనీ పంపిన ఇంజనీరట. ఇక చూస్కోండి, ఇద్దరికీ అరగంట వాదన. కప్పు మీద సోలార్ ప్యానెల్స్ మధ్యాహ్నం బోలెడు కరెంటు ఇస్తుంటే వాడుకునే దిక్కు లేదు, సాయంత్రం ఎండ పోయాక మాత్రం బయటి కరెంటు ఎడాపెడా లాగేస్తున్నారు అని ఆమె. కాబట్టి కోల్డ్ రూముని మధ్యాహ్నమే ఇంకో మూడు డిగ్రీలు చల్లబరిచి పెట్టుకుంటే, సాయంత్రం ఒక్క కంప్రెసర్‌తో నెట్టుకురావచ్చు, ఏది ఎప్పుడు నడవాలో తను పెట్టిన కంప్యూటర్ సిస్టమే చూసుకుంటుంది అని. ఐస్‌క్రీం కరిగితే సిస్టమ్‌ని తిట్టరు, నన్ను తిడతారు అని ఇతను. చివరికి ఒక్కరోజు చూద్దామన్నారు.

మర్నాడు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా రెండు కంప్రెసర్లు పడుకున్నాయి. థర్మామీటరు ఒక్క డిగ్రీ కూడా కదల్లేదు. "తలుపుల రబ్బర్లు ఎంత బాగా చూసుకుంటారండీ మీరు," అంది ఆమె. అతని తలుపు రబ్బర్లని మెచ్చుకున్న ఆడపిల్ల ఇంతవరకూ లేదు. ఓడిపోయి ఇంత హాయిగా ఉండటమేమిటో అతనికి బోధపడలేదు.

అప్పటికే ఫ్యాక్టరీ ఆమెకి మీటరమ్మ అని పేరు పెట్టేసింది. యజమానురాలు నెల గడువు ఇచ్చింది. ఆరు నుంచి ఎనిమిది మధ్య బయటి కరెంటు స్క్రీన్ మీది ఎర్రగీత దాటకపోతే మిగతా షెడ్ల మీద కూడా ప్యానెల్స్ వేయిస్తారు, మీటరమ్మ ఇక్కడే ఉండిపోతుంది. దాటిందంటే ఆమె కంపెనీ ఆమెను ఎక్కడో దూరాన ఇంకో ఫ్యాక్టరీకి పంపేస్తుంది.

సరే, బుద్ధిగా ఉన్నాడా డాక్టరు? లేడు. ఒకరోజు నాలుగింటికి, ఎవరూ వాడని పాత చిన్న కోల్డ్ రూములో మంచు కరిగించే హీటరు పనిచేస్తోందో లేదో చూద్దామని స్విచ్ వేశాడు. ఐదు నిమిషాల్లో మేడ మీది ఆఫీసు నుంచి మీటరమ్మ ట్యాబ్లెట్ పట్టుకుని దిగింది. లెక్కలో లేని కరెంటు కాలుతోందని ఆమెకి అలారం వచ్చిందట. హీటరు చప్పుడు చెయ్యదని తెలిసి కూడా పావుగంట సేపు స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాడు మహానుభావుడు.

అప్పట్నుంచి రోజూ నాలుగింటికి ఆ హీటరుకి జబ్బు చేసేది. రోజూ మీటరమ్మ దిగేది. మాటలు హీటరు దగ్గర మొదలై హాస్టల్లో ఆమె పక్క మంచం పిల్ల గురక దాకా వెళ్ళాయి. ఒకనాడు రేకుల మీద దబదబా వాన. మీటరమ్మ షెడ్డుకీ షెడ్డుకీ మధ్య తడిసి వచ్చి, ప్యానెల్స్‌కి పని లేదు కాబట్టి తనకీ లేదంటూ ఖాళీ పెట్టె మీద గంటసేపు కూర్చుంది. ఆ గంటలో డాక్టరు ఒక్క మెషిన్ చప్పుడూ వినలేదు.

ప్యాకింగ్ సూపర్‌వైజరు డాక్టరు వాళ్ళమ్మే. ఆవిడ కళ్ళు కప్పడం అంత సులువా? "నాలుగవుతోందంటే దువ్వెన తీస్తావేంట్రా? కంప్రెసర్లకి నీ క్రాపు కనిపిస్తుందా?" అని నిలదీసింది. దుమ్ము పడుతోందన్నాడు.

నాలుగో వారం మొదట్లో మూడో కంప్రెసర్ సాయంత్రం ఆరింటికి దానంతటదే స్టార్టయింది. గీత దాటింది. మర్నాడూ అంతే. మీటరమ్మ నవ్వడం మానేసింది. బ్యాగు సర్దుకోమని హెడ్డాఫీసు నుంచి కబురొచ్చిందని చెప్పి, మొహం తిప్పుకుంది.

డాక్టరు మెషిన్ అంతా విన్నాడు, ఏ రోగమూ లేదు. చివరికి గోడ మీది స్క్రీన్‌లో రేపటి షెడ్యూలు చదివాడు. నాలుగింటికి చిన్న గదిలో మంచు కరిగించడం. ఆరింటికి ఆ గది మళ్ళీ చల్లబడాలి కాబట్టి కంప్రెసర్ మూడు. మూడు వారాలుగా అతను చేస్తున్న నాటకాన్ని సిస్టమ్ శ్రద్ధగా బట్టీ పట్టి, ఫ్యాక్టరీ అవసరమనుకుంది.

మర్నాడు ఉదయం మీటింగులో యజమానురాలు, మీటరమ్మ, డాక్టరు వాళ్ళమ్మ కూర్చుని ఉన్నారు. పిలవకుండానే వెళ్ళాడు.

"తప్పు సిస్టమ్‌ది కాదు మేడమ్. రోజూ నాలుగింటికి ఆ హీటరు వేసింది నేను."

ఎందుకని అడిగింది యజమానురాలు.

"అలారం వస్తే ఈవిడ కిందికి వస్తారు. అందుకు." వాళ్ళమ్మ వైపు చూసే ధైర్యం లేక బల్ల వైపు చూశాడు. "నన్ను తీసేయండి. ఈవిడని పంపకండి. ఈవిడ వెళ్ళిపోతే నాకు ఇక్కడ ఏమీ బాగుండదు."

మీటరమ్మ చేతిలో ట్యాబ్లెట్ బల్ల మీద పెట్టింది.

"నా తప్పు కూడా ఉంది మేడమ్. అలారం వచ్చినప్పుడల్లా, ఇది అవసరమా పొరపాటా అని సిస్టమ్ నన్ను అడుగుతుంది. పొరపాటని నొక్కితే పక్కన పెట్టేస్తుంది, మళ్ళీ పిలవదు. ఆ స్విచ్ దానంతటది పడదని మొదటిరోజే తెలుసు. అయినా పద్దెనిమిది రోజులూ అవసరమనే నొక్కాను. అందుకే అది నేర్చుకుంది."

డాక్టరుకి చెవుల్లో మూడు కంప్రెసర్లూ ఒకేసారి మోగాయి.

యజమానురాలు కళ్ళజోడు తీసి ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. నా కరెంటు మీద ప్రేమించుకున్నారన్నమాట, అంది. వారం టైమిచ్చింది. హీటరు వైరు కోసేయమంది. వారంలో ఒక్కసారి గీత దాటినా అమ్మాయి బండెక్కాల్సిందే.

ఆ వారం ఇద్దరూ ఒళ్ళు వంచి పనిచేశారు. ఆమె సిస్టమ్‌కి పాత పాఠం మరిపించింది. ఏ కంప్రెసర్ మధ్యాహ్నం బరువు బాగా మోస్తుందో అతను చెబితే, ఆమె రాసుకుంది. ఆరు రోజులు బాగానే గడిచాయి. ఏడో రోజు మధ్యాహ్నానికి మబ్బు కమ్మేసింది. ప్యానెల్స్ సగమే ఇచ్చాయి, గది చల్లబడాల్సినంత చల్లబడలేదు. ఆరింటికి మూడోది నడపక తప్పదని సిస్టమ్ తేల్చేసింది.

"తలుపు తియ్యకపోతే ఆగుతుంది," అన్నాడు డాక్టరు. తలుపేమో ప్యాకింగు వాళ్ళది, రోజూ యాభైసార్లు తీస్తారు. మెల్లగా వాళ్ళమ్మ దగ్గరికి నడిచాడు. ఎనిమిదింటిదాకా తలుపు తియ్యొద్దని అడిగాడు. ఆవిడ ఐదున్నరకల్లా సరుకంతా లోపల పెట్టించి, తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఎనిమిదింటిదాకా దీని మీద చెయ్యేస్తే ఊరుకోను," అని తన వాళ్ళకి చెప్పింది. "నాకు కోడలు కావాలి."

మీటరమ్మ విన్నది. చెంపలు కందిపోయాయి, స్క్రీన్ వైపు తిరిగింది. ఏడుంపావుకి కరెంటు గీతకి వెంట్రుకవాసి దూరం దాకా వచ్చి, అక్కడే తచ్చాడింది. ఆమె చెయ్యి ఎప్పుడు అతని చేతిలోకి వచ్చిందో ఇద్దరూ గమనించలేదు. ఎనిమిదయింది. గీత దాటలేదు.

అప్పుడే యజమానురాలి నుంచి మీటరమ్మకి ఫోన్. ఇద్దరూ వినేలా స్పీకరు పెట్టింది. మిగతా షెడ్ల మీద ప్యానెల్స్‌కి రేపే ఆర్డరు పెడతానంది. తర్వాత ఇంకొక్క మాట చెప్పింది. పెళ్ళి మాత్రం మధ్యాహ్నం పెట్టుకోండి, సాయంత్రం లైట్లూ మైకులూ అంటే ఊరుకునేది లేదు అని.

డాక్టరు మీటరమ్మ వైపు చూశాడు. అసలు అతనింకా ఆమెను అడగనే లేదు.

"మధ్యాహ్నమే బాగుంటుంది మేడమ్," అని ఫోన్లోకి చెప్పేసింది మీటరమ్మ.