వానలో పెట్టిన ఉప్పు

ప్రధానమంత్రిని దుండగులు ఎత్తుకుపోయిన పేజీలో నాగరత్న వంద గ్రాముల జీలకర్ర కట్టింది. ప్రహ్లాదతో ఆమె పరిచయం అలా మొదలైంది.

"ఆగండి! అది నా ఐదో భాగం!" అన్నాడు అంగడి ముందు నిలబడ్డ యువకుడు.

"జీలకర్ర మీదే సార్. భాగం ఎవరిదో నాకు తెలీదు," అంది ఆమె దారం తెంపుతూ.

"ఆ కాయితం చూడండి. నా సీరియల్. విజయవాడ వారపత్రికలో వస్తా ఉండాది. దేశమంతా చదువుతోంది."

"చదివినాక మాకే అమ్ముతోంది. తూకానికి."

కోలారు బంగారు గనుల ఊళ్ళో, రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో ఆ అంగడి పెట్టింది నాగరత్న తండ్రి రంగనాథ. గనుల టైమ్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు హాజరుపట్టీలు రాసి రిటైరయ్యాడు. మనిషి మంచివాడు, అంటే వ్యాపారానికి పనికిరాడు. అందుకని స్టూలు మీద కూతురు కూర్చుంది. మూడేళ్ళలో అంగడి నిలదొక్కుకుంది. ఇప్పుడు మాలూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి బ్యాంకు ఉద్యోగం. వాళ్ళదొక్కటే షరతు: పిల్ల ఇక అంగట్లో కూర్చోకూడదు, వీలైతే అంగడే ఉండకూడదు. మర్యాదస్తుల ఇంటి కోడలు పప్పు తూచడమేమిటని వాళ్ళ బాధ. దసరా వెళ్ళాక జవాబు చెప్తానన్నాడు రంగనాథ. నాగరత్నకు ఆ స్టూలు దిగడం ఇష్టం లేదు. దిగనని చెప్పడానికి "నాకిష్టం లేదు" తప్ప వేరే కారణం కూడా లేదు. ఆడపిల్ల విషయంలో ఆ కారణానికి మార్కెట్లో రేటు పలకదని ఆమెకు తెలుసు.

ప్రహ్లాద ఊరిగాం హైస్కూల్లో సోషల్ మేష్టరు. మర్నాడు అగ్గిపెట్టె కొనడానికి వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. రెండు వారాలయ్యేసరికి పద్నాలుగు అగ్గిపెట్టెలు కొన్నాడు. సిగరెట్ తాగని బ్రహ్మచారికి పద్నాలుగు అగ్గిపెట్టెలు ఎందుకో నాగరత్న లెక్క వేసుకుంది. ఊరు తగలబెట్టడానికన్నా కావాలి, లేదా... రెండోది ఆలోచించకుండా పొట్లాలు మడిచింది. ప్రేమ నిల్వ ఉండే సరుకు కాదని ఆమె నమ్మకం. నాలుగు రోజులకు పురుగు పడుతుంది.

పదిహేనో రోజు అతను అగ్గిపెట్టెతో పాటు ఒక ఉత్తరం బయటికి తీశాడు.

"ఎడిటరు రాసినాడు. నా దేశం మరీ తొందరగా కూలిపోతా ఉందంట. నమ్మేట్టు లేదంట. నెలలోపల రాబోయే మూడు భాగాలు మళ్ళీ రాసి పంపకపోతే సీరియల్ ఆపేస్తారంట."

"ఎడిటరు తెలివైనవాడే."

"మీరు చదివినారా?"

"పొట్లం కట్టేముందు అన్నీ చదువుతాను సార్. ప్రధానమంత్రి శుక్రవారం మాయమైనాడు. శనివారం పొద్దున్నే దేశమంతా ఆకలితో రోడ్డున పడింది. అవునా?"

"అవును. టెన్షన్ కోసం."

"నా ఒక్క అంగట్లోనే నలభై రోజుల బియ్యం ఉండాది. మీ దేశంలో అంగళ్ళు లేవా? ఆడోళ్ళు డబ్బాల్లో ఏమీ దాచుకోరా? ఇంగ మీ జనరల్ ఉన్నాడే, పెట్రోలు చుక్క దొరకని దేశంలో హెలికాప్టర్ ఏసుకొని లవర్ని వెతుక్కుంటా తిరుగుతాడు. ఆయనకు యాడిదప్పా పెట్రోలు?"

ప్రహ్లాద తల గోక్కున్నాడు. "ఢిల్లీ పోయి రీసెర్చ్ చేసేదానికి నాకు సెలవు లేదు. బెంగళూరు దాటి చూసినవాణ్ణి కాను."

"ఢిల్లీలో ఏముంది? రెండేళ్ళలో ముగ్గురు ప్రధానులు మారినారు, మన మార్కెట్లో ఒక్కరన్నా తల తిప్పి చూసినారా? జనానికి గవర్నమెంటు పడినట్టు తెలిసేది రేడియోలో కాదు సార్, వంటింట్లో. పది ఇళ్ళకు పోయి, ఉప్పు ఎన్నాళ్ళకు వస్తాదో అడగండి. అప్పుడు మీ దేశం ఎన్నాళ్ళకు కూలుతుందో తెలుస్తాది."

ఉచితంగా ఇచ్చిన సలహా ఎప్పుడూ నష్టమే. నాగరత్న ఆ సూత్రాన్ని ఆ ఒక్కరోజు మరిచిపోయింది. అతను నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందని గమనించడంలో పడి మరిచిపోయింది.

మామూలు మనిషైతే నలుగురితో కబుర్లాడి తెలుసుకునేవాడు. ప్రహ్లాద మేష్టరు. స్కూల్ స్టెన్సిల్ మీద ఫారం తయారుచేశాడు. పద్నాలుగు ప్రశ్నలు. ఏడోది: రైలు రాకపోతే మీ ఇంట్లో ఉప్పు ఎన్ని రోజులకు సరిపోతుంది? ఎనిమిదోది: ఉప్పు అయిపోతే ముందు ఎవరిని తిడతారు? అట్ట మీద ఫారాలు క్లిప్పు పెట్టుకుని, చెవి మీద పెన్ను దోపుకుని, ఊరిగాంలో గని కార్మికుల లైన్లలో పది ఇళ్ళ తలుపు తట్టాడు.

ఆ ఏడాదే జనాభా లెక్కలకు ఇదే మేష్టరు ఇవే ఇళ్ళకు వచ్చాడు. అంతకుముందు ఓటర్ల లిస్టుకు వచ్చాడు. గనుల ఊళ్ళో చేతిలో ఫారం ఉన్న మేష్టరంటే గవర్నమెంటు నడిచి వచ్చినట్టే. అడిగినవాటికి జనం వినయంగా జవాబులు చెప్పి, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలని కూడా అడిగారు.

మధ్యాహ్నం షిఫ్టు కేజ్ లిఫ్టులో భూమిలోకి దిగేటప్పుడు "మేష్టరు ఉప్పు సంగతి అడిగినాడు" అన్న మాట కూడా దిగింది. ఆరేడు వేల అడుగుల లోతులో, ఆ వేడిలో, మాట ఉబ్బింది. షిఫ్టు పైకి వచ్చేసరికి అది ఇలా ఉంది: కంపెనీ మూసేస్తున్నారు, రైలు ఆపేస్తున్నారు, సోమవారం నుంచి ఉప్పు దొరకదు, మనిషికి ఇంతని గవర్నమెంటు లెక్క రాసుకుపోయింది.

ఎడిటరు మెచ్చేలా ప్రహ్లాద రాయలేకపోయిన పతనం తెల్లారేసరికి నాగరత్న అంగడి ముందు నిలబడింది. సంచులతో.

"రత్నమ్మా, పది కేజీలు ఉప్పు!"

"నీ ఇంట్లో ఇద్దరే కదా హనుమక్కా. ఉప్పుతో స్నానం చేస్తావా?"

"నువ్వు పెట్టు తల్లీ. నాకు రాసిచ్చినారు, ఇరవై రోజులకు మించి రాదని. మేష్టరే లెక్కేసినాడు."

నాగరత్న చేతిలో తక్కెడ ఆగింది. మేష్టరా!

ఎదురు అంగడి గుండప్ప షట్టర్ సగం దించి, రేటు రెండింతలు చేసి, "ఆఖరి మూట" అని అరవడం మొదలుపెట్టాడు. పొద్దున్నుంచి అతనిది అయిదో ఆఖరి మూట. జనం ఇటు తోసుకొచ్చారు. గల్లా పెట్టె ఒరిగింది. రంగనాథ చొక్కా చిరిగింది.

"చూసినావా," అన్నాడాయన గోడకానుకుని. "మాలూరు వాళ్ళు చెప్పింది న్యాయమే అనిపిస్తా ఉండాది. ఇది ఆడపిల్ల కూర్చునే చోటా? మధ్యాహ్నానికి మూసేద్దాం. మూసింది మూసినట్టే ఉండనీ."

నాగరత్న తక్కెడ వదలలేదు. ఈ గుంపు ముందు షట్టర్ దించితే మాలూరు మర్యాద దాన్ని మళ్ళీ ఎత్తనివ్వదు.

అప్పుడు రెక్సిన్ సంచి చంకలో పెట్టుకుని ప్రహ్లాద పరుగెత్తుకొచ్చాడు. విషయం తెలిసి ముఖం సుద్దముక్కలా ఉంది. చింతపండు బుట్ట మీదికెక్కి చేతులెత్తాడు.

"వినండప్పా! ఏ ఆర్డరూ లేదు! ఉప్పు సంగతి అడిగింది నేను. కథ కోసం అడిగినాను. నవల! అందులో గవర్నమెంటు పడిపోతాది, అది నమ్మేట్టు రాయల్లని అడిగినాను!"

 గనిలో కలప పని చేసే నరసింహప్ప నవ్వాడు.

"కథ కోసం పద్నాలుగు ప్రశ్నల ఫారం ఎవుడన్నా నింపుతాడా సార్? పైనోళ్ళు చెప్పొద్దన్నారు, మీరేం చేస్తారు పాపం."

"అమ్మతోడు, కథే!"

"సార్ కూడా సంచి తెచ్చుకున్నాడు సూడండి!" అని అరిచింది హనుమక్క. గుంపు ఇంకో అడుగు ముందుకు వచ్చింది.

"దిగండి సార్," అంది నాగరత్న పళ్ళ బిగువున. "మీరు నిజం చెప్పినా ఎవరూ నమ్మడంలేదు. ఎడిటరుది తప్పేం లేదు."

ఆమె ఆకాశం వైపు చూసింది. మబ్బు బేతమంగళం వైపు నుంచి నల్లగా వస్తోంది. కోలారు జిల్లాలో వాన రావడం కూడా నమ్మశక్యం కాని సంగతే. ఆరోజు మాత్రం వస్తోంది.

"బచ్చప్పన్నా," అని హమాలీని పిలిచింది. "రెండు మూటల ఉప్పు తెచ్చి వీధిలో పెట్టు. మూతులు విప్పు."

"వీధిలోనా? వాన పడతా ఉండాదమ్మా!"

"అందుకే."

"రత్నా!" అన్నాడు రంగనాథ. ఆయన గుండె అక్కడే రిటైరయ్యేలా ఉంది.

మూటలు వీధిలోకి వచ్చాయి. మూతులు తెరుచుకున్నాయి. మొదటి చినుకులు కల్లుప్పు మీద టపటపా పడ్డాయి. తర్వాత కుండపోతగా పడింది. జనం చూరు కిందికి చేరారు. నాగరత్న స్టూలు మీద కూర్చుని, ప్రధానమంత్రులనూ జనరళ్ళనూ వరసగా మడిచి పొట్లాలు కట్టసాగింది. ఆవలించింది కూడా. తెల్లటి నీళ్ళు గోనె లోంచి కారి వీధి కాలువలో కలుస్తున్నాయి.

నరసింహప్ప చాలాసేపు చూశాడు. "ఏం రత్నమ్మా, ఉప్పు కరిగిపోతా ఉండాదే."

"కరగనీ అన్నా. గోనెలు చీకినాయి. సోమవారం లోడు దిగితే లోపల జాగా కావల్ల."

"సోమవారం లోడు వస్తాదా?"

"ఎందుకు రాదు?"

రంగనాథ కూతురు ఎలాంటిదో మార్కెట్ మొత్తానికి తెలుసు. పొట్లం కట్టిన దారం మిగిలితే ఉండ చుట్టి దాచుకుంటుంది. ఆ పిల్ల ఉప్పు వానపాలు చేసి ఆవలిస్తోందంటే, ఉప్పుకు కరువు ఎలా వస్తుంది?  హనుమక్క తన సంచిలోంచి ఎనిమిది కేజీలు తీసి వెనక్కి ఇచ్చింది. ఎవరో గుండప్పను తిట్టారు. ఎనిమిదో ప్రశ్నకు జవాబు కూడా దొరికిందన్నమాట. వాన తగ్గేలోపు వీధి ఖాళీ అయింది.

నాగరత్న అప్పుడే స్టూలు దిగింది.  బెల్లం గుర్తొచ్చింది. చూరు అంచున ఉన్న బెల్లం బుట్ట! రేకు సందులోంచి ధార సరిగ్గా అక్కడే పడుతుంది. పరుగెత్తింది.

బుట్ట మీద రెక్సిన్ సంచి విప్పి పరిచి ఉంది. ధారకు అడ్డంగా నిలబడి, రెండు చేతులతో అంచులు పట్టుకుని ప్రహ్లాద తడుస్తున్నాడు. తెల్లచొక్కా మెడ నుంచి నడుము దాకా నీలంగా ఉంది. సంచిలోని సీరియల్ కాగితాలు చొక్కాలోకి తోసుకున్నాడు. మూడు భాగాల సిరా ఛాతీ మీదికి దిగింది.

"మీ నవల!" అంది.

"చొక్కా మీద ఉండాది. కావాలంటే చదువుకోండి."

"నెలలోపల పంపల్ల కదా! బెల్లం పోతే పోతుంది, ఎందుకు కప్పినారు?"

"ఉప్పు మీరు కావాలని తడిపినారు. బెల్లం సంగతి మీరు చూసుకోలేదు."

  నాగరత్న కొంగు అంచుతో అతని గడ్డం మీది సిరా తుడవబోయి, చెంపంతా పూసింది.

వెనక రంగనాథ దగ్గాడు. "మాలూరు వాళ్ళకు ఏం చెప్పేది ఇంగ?"

"అంగడి మూయమని చెప్పండి సార్," అన్నాడు ప్రహ్లాద. నీళ్ళు కారుతూ, వణుకుతూ, అయినా గట్టిగా. "మూయము అని. ఆమె స్టూలు దిగితే నాకు దేశం ఎట్ల నడుస్తుందో చెప్పేవాళ్ళు ఎవరుండారు? ఆమె ఒప్పుకుంటే పక్కన నేనొక స్టూలు వేసుకుంటాను. స్కూలు వదిలినాక పొట్లాలు కడతాను."

"నీకు పొట్లం కట్టేది వస్తాదా?"

"రాదు."

రంగనాథ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ముప్పై ఏళ్ళు వేలమంది హాజరు రాసినానప్పా. జీతం కోసం వచ్చేవాడెవడో, మనసుపెట్టి వచ్చేవాడెవడో గేటు దగ్గరే తెలిసిపోతాది. నువ్వు మూడు వారాలుగా వస్తా ఉండావు. ఒక్క లీవు లేదు, ఒక్క లేటు లేదు." కూతురి వైపు తిరిగాడు. "నువ్వేమంటావే?"

"చొక్కా పాడైంది కదా నాన్నా," అంది నాగరత్న కాలువలోకి చూస్తూ. "ఊరికే పంపిస్తే బాగుంటాదా?"

మూడు భాగాలూ మళ్ళీ రాయడానికి పద్దెనిమిది సాయంత్రాలు పట్టింది. ఆమె పప్పు తూస్తూ చెప్పేది, అతను పక్క స్టూలు మీద రాసేవాడు. హెలికాప్టర్ పోయింది. ప్రధానమంత్రి తిరిగొచ్చి ఢిల్లీలో ఉండగానే దేశం ఉప్పు దగ్గర మొదలై కూలింది. జనరల్ లవర్ని వెతుక్కుంటూ నడిచి వెళ్ళాడు, చెప్పులు తెగిపోయి.

ఎడిటరు జవాబు దసరా వెళ్ళాక వచ్చింది. పతనం అద్భుతం, అక్షరం అక్షరం నమ్మేలా ఉంది, వచ్చే వారం నుంచి వేస్తున్నాం. ఒక్క సీను మాత్రం తీసేయండి. గొడవ ఆపడానికి ఒక అంగడి అమ్మాయి సొంత ఉప్పును వానలో పెట్టడం ఏ పాఠకుడూ నమ్మడు. వ్యాపారస్తులు అలా చెయ్యరు. కాస్త రీసెర్చ్ చేయండి.

ప్రహ్లాద కార్డు రాశాడు: "అయ్యా, ఆ అమ్మాయితోనే నాకు కార్తీకంలో పెళ్లి. శుభలేఖ జతచేశాను. వచ్చి స్వయంగా విచారించుకోగలరు. సీను తీయను."

నాగరత్న ఆ కార్డు చదివింది. నవల ప్రతి తెప్పించుకుని, తనకు చూపకుండా అతను రాసిన ఆ పేజీ కూడా చదివింది. పెన్ను తీసుకుని కార్డు అడుగున మిగిలిన జాగాలో చిన్న అక్షరాలతో చేర్చింది:

"తడిసింది రెండు మూటలే. ఈయన నాలుగని రాసినాడు. అది మాత్రం దిద్దుకోండి."