లోపల పూయని వార్నిష్

"రేపు పొద్దున ఏడున్నరకి సైంటిస్టు సుబ్బరత్నంగారి కారు ఉయ్యూరు దాటుతుంది. దారిలో చెరకు తోటలోంచి ఆవిణ్ణి కాలుస్తారు." చీఫ్ వెంకటకృష్ణారావు ఫైలు మూశాడు. "షూటర్ పేరు మార్టిన్. విదేశీ ముఠా. ఇక్కడ పదేళ్లుగా రొయ్యల ఎగుమతి వెలగబెడుతున్నాడు."

"ఇప్పుడే లోపలెయ్యండి సార్," అన్నాడు ఏజెంట్ హుమాయూన్.

"ఏ సాక్ష్యంతో? తుపాకితో, తోటలో దొరకాలి. ప్రోగ్రాం మారిస్తే మాయమైపోతాడు. సుబ్బరత్నంగారికి చెప్పాం, వస్తానన్నారు. ఆ రైఫిల్ దొంగచాటుగా ఇక్కడ చేయించుకున్నదే. భాగాలు ఒకదాంట్లో ఒకటి ఇమడట్లేదట, ఫిట్టర్ కావాలన్నాడు. వాడి సెక్రటరీ మనోజ్ఞ మన మనిషే, నీ పేరు చెప్పింది. ఇవాళ టెస్టులో పేలాలి. రేపు తోటలో పేలకూడదు. ఇవాళ పేలకపోతే నువ్వూ ఉండవు, మనోజ్ఞా ఉండదు."

పన్నెండేళ్లు ఆర్మీ ఆయుధాల వర్క్‌షాపులో పనిచేసిన హుమాయూన్, మాసిన లుంగీ కట్టుకుని, మధ్యాహ్నానికల్లా బెజవాడ వన్ టౌన్‌లోని మిరపకాయల గోడౌన్ చేరాడు. రేకుల కప్పు పెనంలా కాలుతోంది. గులాబీరంగు చీర, నల్ల కళ్లద్దాలు, ఫారిన్ సెంటుతో మనోజ్ఞ తలుపు తీసింది.

"కాయలు ఘాటేనా?" అడిగాడు హుమాయూన్.

"కళ్లకి మాత్రమేనండి."

కోడ్ కలిసింది. లోపల మార్టిన్ బల్లమీది రైఫిల్ భాగాల మీంచి గుడ్డ తీశాడు. మనిషిని చంపే సరుకని సరే, అంతకంటే ముందు ఆ నాసిరకం పని చూసి హుమాయూన్‌కి ఒళ్లు మండింది.

"నాలుగు లేత్ షెడ్లలో చేయించాను. ఒకడి సంగతి ఇంకొకడికి తెలీదు. పంపు పార్టులని చెప్పాను. కొలతలన్నీ కరెక్టుగా ఇచ్చాను!" అన్నాడు మార్టిన్.

"నలుగురూ తలా అరనూలు మందం ఎక్కువే ఉంచారు సార్. తక్కువైతే కస్టమరు పీక పట్టుకుంటాడు. ఎక్కువైతే ఆకురాయితో రుద్దుకుంటాడు. మా బెజవాడలో పద్ధతే అంత."

"నాకు చెప్పలేదే?"

"మీరు అడగలేదు కదండీ."

వడ్రంగి మరీ ఘనుడు. తుపాకి చెక్కకి పైన పాలిష్ అద్దంలా మెరుస్తోంది. లోపల, ఇనుము కూర్చునే చోట, చుక్క వార్నిష్ లేదు. కనబడని చోట ఎవడు పూస్తాడు? ఆ వేడికి చెక్క ఎండి ఒరుగులా ఉంది. ఛీ, వీడికి ఉలి పట్టడం నేర్పినవాణ్ణనాలి అనుకున్నాడు హుమాయూన్. చెయ్యి దానంతటదే వార్నిష్ డబ్బా కోసం వెతికింది. బలవంతాన వెనక్కి లాక్కున్నాడు.

సాయంత్రానికి రైఫిల్ ఒక్క ముక్కలా అమరింది. మార్టిన్ మిరపకాయల బస్తాకి గురిపెట్టి కాల్చాడు. శుభ్రంగా పేలింది. ఘాటుకి అందరూ దగ్గుతుంటే మనోజ్ఞ పక్కకొచ్చి పళ్లు నూరింది.

"నిజంగానే బాగుచేశారేంటండీ!"

"వెంట్రుక దూరే సందు కూడా ఉంచలేదు మేడమ్. తేమ తగిలితే చెక్క ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటేదీ?"

"తగలకపోతే?"

ఇంతలో మార్టిన్ వచ్చి హుమాయూన్ భుజమ్మీద చెయ్యేశాడు. "నువ్వూ తోటకి రా. రేపు ఇది పేలకపోతే ముందు నువ్వు పోతావు."

తెల్లారేసరికి ముగ్గురూ తోటలో ఉన్నారు. మాఘమాసపు మంచు చెరకాకుల మీంచి చెక్క మీదకి బొట్లుబొట్లుగా కారుతోంది. ఏడింటికి ఎండొచ్చింది. మంచు గబగబా విడిపోతుంటే, చెక్క ఆరకముందే కారు రావాలనుకున్నాడు హుమాయూన్. తన చొక్కా గుండీలోని ట్రాన్స్‌మిటర్ సిగ్నల్‌ని పట్టుకుని పోలీసులు వస్తూ ఉండాలి. ఎంత దూరంలో ఉన్నారో తెలీదు.

ఏడూ ముప్పైరెండుకి తెల్ల అంబాసిడర్ మలుపు తిరిగింది. మార్టిన్ గుండు పెట్టి బోల్టు తోశాడు. సగం దాకా వెళ్లి, ఉబ్బిన చెక్క నొక్కుడికి బిగుసుకుపోయింది. అరచేత్తో బాదాడు. కదలదే! కారు ఎదురుగా వచ్చేసింది.

"ఏమైంది దీనికి? చూడు, త్వరగా!" అని రైఫిల్ తీసి హుమాయూన్ చేతుల్లో పెట్టేశాడు.

హంతకుడు తన ఆయుధాన్ని తనే గూఢచారికి అప్పగించడం డిపార్ట్‌మెంట్ చరిత్రలో అదే మొదలు. మనోజ్ఞ లిప్‌స్టిక్ గొట్టం మార్టిన్ మెడకి ఆనించింది. అందులో ఉన్నది లిప్‌స్టిక్ కాదు.

"చేతులెత్తండి సార్."

కారు సాగిపోయింది. చెరకు గడల్ని తోసుకుంటూ పోలీసులు, వెనకాలే రొప్పుతూ చీఫ్.

"భేష్! సాబొటేజ్ అంటే ఇదీ! రిపోర్టులో మొదటి పేరు నీదే."

హుమాయూన్ ఆ రైఫిల్ వంక చూసి మొహం చిట్లించాడు.

"వద్దు సార్. లోపల వార్నిష్ వెయ్యకుండా ఇచ్చిన పని. దాని కింద నా పేరేంటండీ, అసహ్యంగా!"